తాళం వెయ్యని చెయ్యి

మా వదినగారు మా ఆయన చేతితో మాట్లాడుతున్నారు. మా ఆయనతో కాదు, చేతితోనే. ఆయన మాత్రం ముఖం అటు తిప్పుకుని, కిటికీలోంచి కనిపించే విశాఖ సముద్రాన్ని చూస్తూ కూర్చున్నారు, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు. నేను పక్క కుర్చీలో కూర్చుని, ఏ దేవుడికి దణ్ణం పెట్టుకోవాలో తేల్చుకోలేక అందరికీ కలిపి ఒకటే పెట్టేశాను.

"ముందు హాజరు వేసుకుందాం," అంటూ వదినగారు కీబోర్డు మీద ఒక మాట కొట్టారు.

తెర మీద చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. ఒక్కో చుక్క మా ఆయన కుడి ముంజేతిలో ఉన్న ఒక్కో గింజ. అసలు పేరు ట్యాగు. నువ్వుగింజలో సగం కూడా ఉండదు కాబట్టి వదినగారు గింజ అన్నారు, ప్రయోగశాలలో అందరికీ అదే అలవాటైపోయింది. బట్టల షాపులో చీరలకు తగిలించే ట్యాగులు, టోల్‌గేటు కోసం కారు అద్దానికి అంటించేవి, ఇవీ ఒకే వంశం. బ్యాటరీ ఉండదు. రీడరు నుంచి తరంగం తగిలితే లేచి పేరు చెబుతాయి, తరంగం ఆగితే పడుకుంటాయి. వదినగారి గింజలు ఇంకో పని కూడా చేస్తాయి. పక్కనున్న నరాన్ని చిన్నగా గిల్లుతాయి. తెగిన నరం పొడుగునా వాటిని వరసగా కూర్చోబెడితే, పైనుంచి వచ్చిన కబురును ఒకదాని నుంచి ఒకటి అందుకుని వేళ్ళ దాకా చేరవేస్తాయి. వాటిని మేలుకొలిపే రీడరును మా ఆయన మోచేతి పైన గాజులా తొడిగారు.

"అన్నిటినీ ఒకేసారి పలకమంటే చేపల బజారే," అన్నారు వదినగారు. పేరు పెట్టి ఒక గింజను ఎంచుకున్నారు. మిగతా చుక్కలన్నీ మసకబారాయి. ఎంచుకున్నదానిలో ఏ కబురుకు ఎంత గిల్లాలో రాశారు. రాసింది తిరిగి చదివి చూపించమన్నారు. అది చూపించింది. రెండూ సరిపోయాక తర్వాతి గింజను పిలిచారు.

"బళ్ళో ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టుందండీ," అన్నాను.

"అంతే వరాలూ. ఎదురు ప్రశ్న వెయ్యడం రాని పిల్లలివి. ఒప్పు రాస్తే ఒప్పు చేస్తాయి, తప్పు రాస్తే తప్పే చేస్తాయి."

చివరి గింజ కూడా అయ్యాక ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "సూరీ, బొటనవేలు మడువు."

"నా వల్ల కాదక్కా," అన్నారు మా ఆయన, సముద్రం మీంచి చూపు తిప్పకుండానే. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే బొటనవేలు మడతపడింది. ఆయన ఉలిక్కిపడి చేతికేసి చూసుకున్నారు. మళ్ళీ మడిచారు, తెరిచారు, మళ్ళీ మడిచారు. నేను పైకే ఏడ్చేశాను. పక్కన డాక్టర్లున్నారన్న సిగ్గు కూడా నాకు లేకపోయింది.

కాకినాడ జగన్నాథపురంలో మాకు టిఫిన్ సెంటరుంది. ఉదయం పెసరట్టు తప్ప ఇంకోటి వెయ్యం. సూరిబాబు పెసరట్టు అంటే అటు యానాం నుంచి కూడా వచ్చేవాళ్ళు. కిందటేడు బైపాస్ మీద బండి జారి, ఒక రేకు ముక్క ఆయన ముంజేతిలో దిగింది. ఎముక అతికింది కానీ నరం అతకలేదు. ఆ చెయ్యి భుజానికి తగిలించుకున్న ఖాళీ సంచిలా వేలాడిపోయింది. కొన్నాళ్ళు నేనే పెనం ముందు నిలబడ్డాను. పాపం జనం మా ముఖం చూసి తిన్నారు కానీ నా అట్టు చూసి కాదు.

అప్పుడు వదినగారు వచ్చారు. మా ఆయనకు ఒక్కగానొక్క అక్క, శేషుకుమారి. విశాఖలో కొండవాలున ఉన్న పరిశోధనాలయంలో ఈ గింజల విభాగానికి ఆవిడే పెద్ద. నాకు మొదట్లో ఆవిడంటే బెరుకు. పండక్కి వచ్చినా ఫోను వదలరు, కూర ఎలా ఉందో చెప్పరు, అడిగితే "బాగుందిగా" అంటారు. అలాంటి మనిషి తమ్ముడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, "దీన్ని నాకివ్వు వరాలూ, తిరిగిచ్చేస్తాను," అన్నారు.

గింజల్లో ఏం రాయాలో తెలియాలంటే ముందు బాగున్న చెయ్యి ఒకటి కావాలి. పని చేసేటప్పుడు ఆ చేతి నరంలో ఏ కబురు ఎప్పుడు వెళుతుందో నమోదు కావాలి. వదినగారు అలా నమోదు చేసే గింజలను తన కుడి చేతిలోనే పెట్టించుకున్నారు. కొన్ని నెలల పాటు ఆ చేత్తోనే తిన్నారు, రాశారు, వంట చేశారు, గింజలన్నీ నేర్చుకున్నాయి. మా ఆయన చేతిలో గింజలకూ అవే పేర్లు పెట్టారు. ఈ చేతిలో ఒక పేరు గల గింజకు తెలిసింది, ఆ చేతిలో అదే పేరు గల గింజలోకి నేరుగా రాసేయొచ్చని.

"అక్షరాభ్యాసం నాడు పిల్లాడి వేలు పట్టుకుని బియ్యంలో దిద్దిస్తాం చూడు, ఇదీ అంతే," అన్నారావిడ.

"మరి ఆయన ఎడమ చెయ్యి బాగానే ఉంది కదండీ? దాన్నించి తీసుకోకూడదా?"

"ఎడం చేతికి ఏం తెలుసే? అన్నం కలపడం తెలుసా, అట్టు తిప్పడం తెలుసా?"

నిజమే అనిపించింది నాకు. ఆ గదిలో ఉన్న ఎవరికీ ఆ మాటలో తప్పు కనపడలేదు.

బొటనవేలు కదిలిన ఆ రోజు మమ్మల్ని కారెక్కిస్తూ వదినగారు ఒక జాగ్రత్త చెప్పారు. "ఒరేయ్, నీ చేతికింకా తాళం వెయ్యలేదు. గింజల్లో రాసింది చెరిపి మళ్ళీ రాయొచ్చు. నా రీడరే కాదు, దార్లో ఏ రీడరైనా వాటిని లేపగలదు. కొన్నాళ్ళు వాడి చూడు. బాగుంటే తాళం ఆజ్ఞ ఇస్తాను. ఇక బయటి రీడరు లేపినా నరాన్ని గిల్లవు, కొత్తగా ఏమీ రాయనివ్వవు, నీ నరం కబురూ సాటి గింజల కేకా తప్ప వినవు. కానీ తాళం పడ్డాక తియ్యడమంటూ ఉండదు. అందుకే తొందరపడను."

మేము తలూపి బయల్దేరాం. హైవే మీద టోల్‌గేటు దగ్గర కారు ఆగింది. అక్కడి రీడరు మా కారు అద్దానికి వేసిన కేక మా ఆయన చేతికి కూడా వినిపించింది. చెయ్యి గబుక్కున పైకి లేచి అయిదు వేళ్ళూ ఆడించింది. గేటు గదిలో కూర్చున్నావిడ నవ్వి తిరిగి చెయ్యి ఊపింది. అన్నవరం దాకా ఆపుకోలేక నవ్వాం. ఆ తర్వాత ఇద్దరికీ భయం వేసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ ప్రయోగానికి అనుమతి ఇచ్చిన కమిటీ వానాకాలం దాకానే గడువిచ్చింది. తాళం లేని గింజలు మనిషి ఒంట్లో అంతకు మించి ఉండకూడదట. ఆలోగా తాళమన్నా వెయ్యాలి, లేదా చంపెయ్యాలి. చంపడం కూడా ఒక ఆజ్ఞే, తాళం పడ్డ గింజ కూడా దాన్ని వింటుంది. అది విన్న గింజ మళ్ళీ ఎవరు పిలిచినా లేవదు.

టిఫిన్ సెంటరు మళ్ళీ తెరిచిన రోజు వీధి వీధంతా వచ్చింది. మా ఆయన ఉతికిన చొక్కా వేసుకుని పెనం ముందు నిలబడ్డారు. గరిటె పిండిలో ముంచారు. పెనం మీదికి తెచ్చారు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఎవరో కసిరినట్టు బెత్తెడు వెనక్కి లాక్కుంది. ఆ తర్వాతే ముందుకు వెళ్ళింది. ఈలోగా గరిటెలోంచి జారిన పిండి ఒకేచోట ముద్దగా కాలిపోయింది.

రెండో అట్టూ అంతే, ఆ తర్వాతవీ అంతే. విచిత్రం ఏమిటంటే ఆ చెయ్యి ఉల్లిపాయలు చకచకా తరిగేది, గ్యాస్ బండ ఎత్తేది, చొక్కా గుండీలు పెట్టేది. అట్టు వేయబోయినా, ఎవరికైనా ప్లేటు అందివ్వబోయినా, ముద్ద నోట్లో పెట్టుకోబోయినా, పెన్ను పట్టుకున్నా మాత్రం ఒక్క క్షణం జంకేది.

"ఏంటండి సూరిబాబుగారూ, పెట్టాలా వద్దా అని ఆలోచిత్తన్నారా?" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. కాసేపటికి వెనకాల అంట్లు తోమేచోట గోడకానుకుని కూర్చుని కనిపించారు.

"తాళం వేయించేద్దాం వరాలూ," అన్నారు. "ఉన్నకాడికి చాల్లే. అట్లు నువ్వెయ్యి, బండలు నేను మోత్తాను."

ఆయనకు ఈ చెయ్యి కావలసింది బండలు మోయడానికి కాదు. ప్లేటు అందుకున్న మనిషి మొదటి ముక్క తిని తలెత్తి చూస్తాడే, ఆ చూపు కోసం ఆయన తెల్లారకుండానే లేచేవారు.

వదినగారికి ఫోన్ చేశాను. మళ్ళీ విశాఖ వెళ్ళాం, ఈసారి టోల్‌గేటు తగలకుండా ఊళ్ళ మీదుగా. ఆవిడ దగ్గర పనిచేసే ఇంజనీరు రూబేన్‌గారు గింజలన్నిటినీ మళ్ళీ పేరు పేరునా పిలిచి, ఉన్నది చదివించి సరిచూశారు.

"రాసిందీ చదివిందీ ఒకటే మేడమ్. ఎక్కడా తేడా లేదు. సూరిబాబుగారే భయపడుతున్నారేమో. దెబ్బ తగిలినవాళ్ళకి మామూలే."

ఇంకొకరైతే ఆ మాట పట్టుకుని ఊపిరి పీల్చుకునేవారు. యంత్రం బాగుంది, మనిషిలోనే లోపం అనేస్తే అందరికీ సుఖం. వదినగారు అడ్డంగా తలూపారు. "వాడిది భయమైతే కత్తి పట్టుకున్నప్పుడూ ఉండాలి కదా రూబేన్. గింజలు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాయి. నేను రాసినదాంట్లోనే ఏదో ఉంది." తన మీద తనే నేరం మోపుకుంటున్న మనిషి గొంతులా లేదది. మంచి లెక్క దొరికిన పిల్ల గొంతులా ఉంది. నాకు ఆవిడ మీద మొదటిసారి పట్టలేని ముద్దొచ్చింది.

"వాడు ఇంట్లో ఎలా తింటున్నాడో చూడాలి," అంటూ మాతోనే కాకినాడ బయల్దేరారు.

ఆ మధ్యాహ్నం మామిడికాయ పప్పు చేశాను. అక్కాతమ్ముళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. మా అత్తయ్యగారు సుభద్రమ్మగారు నెయ్యి గిన్నెతో ఎదురుగా నిలబడి వడ్డిస్తున్నారు. ఇద్దరూ అన్నం కలిపారు. ముద్ద ఎత్తారు. ఇద్దరి చేతులూ కంచం మీద ఒకేసారి ఆగాయి.

మా ఆయన చెయ్యి బాగా ఆగింది, అందరికీ కనిపించేటంత. వదినగారిది కనురెప్పపాటు మాత్రమే. ఏళ్ళ తరబడి అలవాటులో మరుగునపడిపోయిన ఆగడం అది. పక్కన తమ్ముడి చెయ్యి లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు. వదినగారు తమ్ముడి చెయ్యి చూశారు, తన చెయ్యి చూసుకున్నారు. ముద్ద అలాగే గాల్లో ఉండిపోయింది.

"అమ్మా, చిన్నప్పుడు నాది ఎడంచేతివాటమా?"

అత్తయ్యగారు నెయ్యి గిన్నె కింద పెట్టేశారు. "ఎవరు చెప్పారే నీకు?"

"నా చెయ్యి చెబుతోంది."

అత్తయ్యగారు గోడ వారగా కూలబడ్డారు. "ఆడపిల్లవి కదే. ఎడం చేత్తో తింటే, ఎడం చేత్తో ఎవరికన్నా ఏదన్నా ఇత్తే నలుగురూ ఏవంటారు? ముద్దెత్తినప్పుడల్లా గరిటె కాడతో ఆ చేతి మీద కొట్టేదాన్ని. కొంగు చింపి గౌనుకి కట్టేసేదాన్ని. పలకా బలపం కూడా అంతే. మీ నాన్నగారు వద్దనేవారు, నేనింటేనా? ఓ ఏడాదికి దార్లో పడ్డావు. అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడాను."

"నాకసలు గుర్తే లేదమ్మా," అన్నారు వదినగారు నెమ్మదిగా. ముద్ద కంచంలో పెట్టేశారు. "దెబ్బ ఎడం చేతి మీద పడింది, భయం కుడి చెయ్యి నేర్చుకుంది. తిండి, ఇవ్వడం, రాత. ఎక్కడెక్కడ కొట్టావో అక్కడక్కడే ఆగుతోంది. దాన్నే తీసుకెళ్ళి వీడి చేతిలో రాశాను."

పరిశోధనాలయంలో అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ ఇది తట్టలేదు. ఎలా తడుతుంది? మన ఇళ్ళలో కుడి చేతివాటం కాని పిల్లలు పెద్దయ్యేసరికి మిగలరు కదా. అందరివీ కుడి చేతులే అనుకుని ప్రయోగం మొదలుపెట్టారు.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికే వదినగారు తేల్చేశారు. "కుడి చేతిలోంచి ఈ జంకు ఇక పోదు. ఎడం చేతికి కొత్తగా నేర్పుతాను. ఎడం చెయ్యి చేసింది అద్దంలో చూస్తే కుడి చెయ్యి చేసినట్టే ఉంటుంది. తిప్పి రాయడం మాకు పెద్ద పని కాదు."

"వానలు దగ్గరకొచ్చేశాయండీ," అన్నాను.

"అందుకే ఇక్కడే ఉంటాను. నీ పెనం నాకిస్తావా?"

ఎడమ చేతిలో గింజలు పెట్టించుకుని, కుట్లు మానీ మానకముందే సెలవు పెట్టి వచ్చేశారు. ఈసారి గింజలకు వేరే పేర్లు పెట్టుకున్నారు. నలభై ఆరేళ్ళ మనిషి, ఆవిడ చెప్పే పాఠం వినడానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. అలాంటావిడ కొంగు నడుముకు చెక్కుకుని, మా పొయ్యి ముందు ఒకటో తరగతి పిల్లలా నిలబడ్డారు. మొదటి వారం వేసిన అట్లు ఏ దేశం పటమో చెప్పలేం. వేళ్ళు కాల్చుకున్నారు. పిండి చీర మీద ఒలకబోసుకున్నారు. కాలిన వేలు నోట్లో పెట్టుకుని, "ఇదీ నమోదైంది వరాలూ," అని నవ్వేవారు. మా ఆయన పక్క స్టూలు మీద కూర్చుని అక్కకు పాఠం చెప్పేవారు. చెప్పడంలో కాస్త అతి కూడా చేసేవారు.

అసలు గొడవ ప్లేటు అందించేటప్పుడు వచ్చేది. రోజూ వచ్చే రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారు చేతులు కట్టుకుని కూర్చుండిపోయారు. "ఎడం చేత్తో పెడితే తినడానికి నేనేవన్నా ముష్టికొచ్చానా అమ్మా?"

"మాస్టారూ, నా కుడి చేత్తో వేసినవి మాడతన్నాయండి, ఎడం చేత్తో వేసినవి దోరగా వత్తన్నాయి. మీకేది కావాలో మీరే చెప్పండి," అన్నారు వదినగారు, మా ఊరి యాస మళ్ళీ నోటికి తెచ్చుకుని. ఆయన కాసేపు మీసం సవరించుకుని ప్లేటు అందుకున్నారు. మర్నాడు అడక్కుండానే అందుకున్నారు. కొందరు మాత్రం మానేశారు. ఆవిడ వాళ్ళని ఒక్క మాట అనలేదు.

అత్తయ్యగారు మొదట్లో అటు చూసేవారు కాదు. ఒక ఉదయం ఉన్నట్టుండి వచ్చి కూతురి వెనకాల నిలబడి, ఆ ఎడమ మణికట్టు పట్టుకుని గరిటె తిప్పించారు. "అలా నొక్కకే. లోపల్నించి బయటికి, తేలిగ్గా." వదినగారు పెనం మీంచి చూపు తిప్పలేదు కానీ కళ్ళు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి వాడారు. ఆ తర్వాత రోజురోజుకీ ఆ చెయ్యి తేరుకుంది. చివరికి పెనం కనిపిస్తే చాలు దూకేది.

ఒక్క విషయం మాత్రం వదినగారికి చేతకాలేదు. భోజనానికి ఎడమ చెయ్యి వాడడం నా ఎదుట, మా ఆయన ఎదుట సాధన చేశారు. అత్తయ్యగారు వంటింట్లోకి అడుగుపెట్టగానే ముద్ద కుడి చేతిలోకి మారిపోయేది. ఆవిడకు తెలియకుండానే మారేది.

తొలకరి పడే ముందు మళ్ళీ విశాఖ వెళ్ళాం. కొత్త రాత సిద్ధంగా ఉంది. అప్పుడు రూబేన్‌గారు వదినగారితో ఒక మాట అన్నారు.

"మేడమ్, మీ కుడి చేతిలో పాత గింజలకీ సూరిబాబుగారి గింజలకీ పేర్లు ఒకటే. మీవాటికి ఎప్పుడో తాళం వేసేశాం, ఇక పేర్లు మార్చలేం. ఆయనవాటి పేర్లు మారిస్తే కమిటీ అనుమతి మళ్ళీ మొదటి నుంచి తీసుకోవాలి, అంత గడువు లేదు. ఇన్నాళ్ళూ కబురు దారి తప్పకుండా ఆయన గాజు కాపలా కాసింది, తాళం పడితే గింజలు దాని మాటా వినవు. అప్పుడు మీరిద్దరూ పక్కపక్కన కూర్చున్నారనుకోండి, ఆయన గింజ వేసిన కేకకి మీ గింజ పలుకుతుంది. కబురు దారి తప్పుతుంది. చెయ్యి ఎటు పోతుందో చెప్పలేం."

"తెలుసు రూబేన్. నావి చంపెయ్యాలి."

"చచ్చేటప్పుడు గింజ వేడెక్కుతుంది మేడమ్. చుట్టూ నరం అల్లుకుపోయింది."

మా ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "వద్దక్కా. నేను విశాఖ రాను, నువ్వు కాకినాడ రాకు. ఫోన్లో మాట్లాడుకుందాం."

"బతికినంతకాలం నీ పక్కన కూర్చుని అన్నం తినొద్దంటావా?"

"నా అట్టు కోసం నీ చెయ్యి పాడుచేసుకుంటావా?"

"నాకింకోటుంది కదరా. పుట్టినప్పట్నించీ దాన్ని ఊరికే కూర్చోబెట్టి మేపాను."

వద్దని నేను కూడా అనాలి. కానీ నాకు మా ఆయన చెయ్యి కావాలి. వదినగారు నావైపు చూసి, నా మనసులో ఉన్నది చదివేసి, ఏమీ అనుకోకుండా నా భుజం తట్టారు. అంత పెద్ద మనసు నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

ఆ ఆజ్ఞలు ఆవిడే ఇచ్చుకున్నారు. రూబేన్‌గారు ఇస్తానంటే ఒప్పుకోలేదు. చంపే ఆజ్ఞకు ప్రతి గింజకూ ఒక రహస్య సంకేతం కొట్టాలి, పొరపాటున చావకుండా ఉండడానికి. కుడి చెయ్యి బల్ల మీద చాపి, ఎడమ చేత్తో ఒక్కో పేరు పిలిచి, సంకేతం కొట్టి, ఎంటర్ నొక్కారు. తెర మీద చుక్క ఆరిపోయేది. ఒక్కో చుక్కకు ఆవిడ దవడ బిగుసుకునేది. నుదుటి మీద చెమట నేను తుడుస్తూ ఉన్నాను. అంతా అయ్యాక రీడరుతో ఆ కుడి చేతి గింజలన్నిటినీ కలిపి ఒకసారి పిలిచారు. ఒక్కటీ పలకలేదు.

ఆ తర్వాత ఇచ్చిన టీ గ్లాసు ఆవిడ కుడి చేత్తో పట్టుకున్నారు. పొగలు కక్కుతున్న గ్లాసు. మామూలుగా పట్టుకుని కూర్చున్నారు. నేను చప్పున లాక్కున్నాను. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి, ఆవిడకు తెలియలేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. వాటికి ఇక వేడీ చల్లా తెలియవని డాక్టర్లు తర్వాత చెప్పారు. "సరేలే," అన్నారు వదినగారు, మా కూర గురించి చెప్పినంత తేలిగ్గా.

మర్నాడు ఆవిడ ఎడమ చెయ్యి నేర్చుకున్నదంతా తిప్పి మా ఆయన చేతిలో గింజ గింజకూ రాశారు. రాసింది చదివించారు. అన్నీ సరిపోయాయి. ప్రయోగశాల వరండాలో కరెంటు పొయ్యి, పెనం, కాకినాడ నుంచి గిన్నెలో తెచ్చిన పిండి సిద్ధం చేశాను. అత్తయ్యగారు కూడా మాతో వచ్చారు. తెల్లకోట్ల వాళ్ళందరూ గుమిగూడారు.

మా ఆయన గరిటె ముంచారు. పెనం మీదికి తెచ్చారు. నేను కళ్ళు మూసుకున్నాను. సుయ్‌మని చప్పుడు వినిపించి తెరిచేసరికి పెసరట్టు అంచు దాకా పల్చగా పరుచుకుని ఉంది. ఉల్లిపాయ ముక్కలు చల్లి, అట్లకాడతో మడిచి, ప్లేటులో వేసి రూబేన్‌గారికి అందించారు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. పైగా రూబేన్‌గారు అందుకునే లోపలే ఆయన గుండె దాకా వెళ్ళిపోయింది ప్లేటు. రూబేన్‌గారు మొదటి ముక్క తిని తలెత్తి చూశారు. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు.

"బాగా ఆలోచించుకో సూరీ," అన్నారు వదినగారు. "తాళం పడితే మళ్ళీ నేనూ తియ్యలేను."

"వేసెయ్యక్కా."

ఆవిడ ఎడమ చేత్తో తాళం ఆజ్ఞ కొట్టారు. గింజలన్నీ ఒక్కొక్కటే విన్నాయి. తర్వాత పరీక్షకని ఒకదాన్ని పిలిచి ఏదో రాయబోయారు. అది ఒప్పుకోలేదు. ఇంకోటీ ఒప్పుకోలేదు. అక్కడున్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. తాను చేసినవే తన మాట వినకపోతే అంత సంతోషపడిన మనిషిని నేనైతే చూడలేదు.

ఆ సందడిలో అత్తయ్యగారు మెల్లగా రూబేన్‌గారి దగ్గరికి వెళ్ళారు.

"బాబూ, మా శేషు చేతిలోవి చంపేశారంట కదా. నేను కొట్టిన దెబ్బలు కూడా వాటితోపాటు పోయినట్టేనా?"

రూబేన్‌గారు వదినగారి వైపు చూశారు.

"వాడి చేతిలోంచి పోయాయమ్మా," అన్నారు వదినగారు.

అత్తయ్యగారు మా ఆయన పెనం మీంచి అప్పుడే తీసిన పెసరట్టు ప్లేటు అందుకుని, ఒక ముక్క తుంచి, ఊది చల్లార్చి, కూతురి ఎడమ అరచేతిలో పెట్టారు. వదినగారు అలవాటు కొద్దీ దాన్ని కుడి చేతిలోకి మార్చుకోబోయారు. అత్తయ్యగారు ఆ ఎడమ చెయ్యి కింద తన చెయ్యి పెట్టి పట్టుకున్నారు.

"ఈ చేత్తోనే తినవే. నేను చూత్తాను."

వదినగారి ఎడమ చెయ్యి నోటి దాకా వెళ్ళింది, దాని కింద అత్తయ్యగారి చెయ్యి కూడా.